వినను – విన్నాను

ఏప్రిల్ 11

గడుగ్గాయ్,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు దాటింది. జవాబు రాయలేదని ఈపాటికి నన్ను నాలుగు తిట్లు తిట్టే ఉంటావు. ఐదోది కాస్త ఆపు, కారణం చెబుతాను.

మా కోర్టులో న్యాయమూర్తులందరూ కలిసి తమ నడవడికి తామే నియమాలు రాసుకున్నారు. పదహారు నియమాలు. పన్నెండుసార్లు మార్చారు, పన్నెండుసార్లూ నేనే టైపు కొట్టాను. అరవైమంది స్టెనోలున్న చోట నన్నే పిలిచారంటే నా వేళ్ళ మీద ఎంత గురో చూడు. మీ బావేమో "వేళ్ళకి బిరుదిస్తారేమో అడుగు" అని వేళాకోళం. పోస్టాఫీసులో ముద్రలు కొట్టుకునే మనిషికి ఏం తెలుస్తుందిలే.

అది కాదే, చదువుతుంటే నిజంగా ఒళ్ళు పులకరించింది. న్యాయమూర్తి కానుకలు తీసుకోకూడదు. తన ముందు కేసున్నవాళ్ళ ఇంట ఆతిథ్యం పొందకూడదు. తప్పు చేయకపోవడం ఒక్కటే చాలదు, చేశాడేమోనన్న అనుమానానికి కూడా తావివ్వకూడదు. ఇది ఏడో నియమం. దేశంలో అందరికంటే పైనున్న కోర్టు తనకు తానే కళ్ళెం వేసుకుంటోందంటే మాటలా?

మా జడ్జీ పెద్దాయన సెలవులకు వెళ్ళి పెనం అడుగులా నల్లబడి వచ్చారు. మీ ఊరి సముద్రమేనట! ఎవరో చిన్ననాటి స్నేహితుడి ఇంట్లో పది రోజులున్నారట. రోజూ పడవెక్కి గాలం వేసి కూర్చుంటే ఒక్క చేపైనా పడలేదట. స్నేహితుడికి కృతజ్ఞతల ఉత్తరం చెప్పి రాయించారు. ఆ ఇంటి మెట్లు నేరుగా నీళ్ళలోకే దిగుతాయట, వాటి మీద కూర్చుంటే ఈ గౌనూ ఈ గోలా ఏవీ గుర్తు రావట. అంత పెద్దమనిషి అంత పసితనంగా రాయిస్తుంటే నవ్వొచ్చింది.

ఇక అసలు సంగతి. మీ ఆయన క్రేను కేసు మా పెద్దాయన బెంచికే వచ్చింది. మొన్న మార్చి చివర్లో కంపెనీ లాయరు రెండు రోజులు వాదించాడు. క్రేను తాడు బాగానే ఉందట, మరిదే మోయకూడని బరువు ఎత్తాడట. తాడు నలిగిపోయింది మార్చండని డ్యూటీ పుస్తకంలో మరిది మూడుసార్లు రాసినవి తర్వాత ఎవరో ఇరికించిన రాతలట. ఆయనతో పాటు కింద నలిగిపోయిన ముగ్గురి చావుకీ ఆయనే కారణమట. ఆ మాటలన్నీ ఈ చేత్తోనే రాసుకున్నానే. తల ఎత్తలేదు. ఎత్తితే నా మొహం ఎవరైనా చూస్తారని భయం.

నువ్వు నా చెల్లెలివని ఇక్కడ ఎవరికీ తెలియదు. ఇంటిపేర్లు వేరు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెబితే ఆ హాల్లోంచి నన్ను మార్చేస్తారు. మన తరఫు మనిషి ఒకరైనా అక్కడ కూర్చుని వినాలనిపించింది. కింది రెండు కోర్టులూ తప్పు కంపెనీదేనన్నాయి. మా పెద్దాయనా అదే అంటారు, చూస్తూ ఉండు. పిల్ల ఎలా చదువుతోంది?

అక్క

ఏప్రిల్ 19

అక్కా,

తిట్టింది నాలుగు కాదు, తొమ్మిది. లెక్క తప్పావు.

నీ ఉత్తరం టైపు ఇన్‌స్టిట్యూట్‌లోనే విప్పాను. ఆరుగురు పిల్లలు టకటకా మిషన్లు కొడుతున్నారు. మెట్లు నీళ్ళలోకి దిగే ఇల్లు అన్న చోటికి వచ్చేసరికి ఆ చప్పుడు నాకు వినబడటం మానేసింది. అక్కా, మా ఊళ్ళో మెట్లు సముద్రంలోకి దిగే ఇల్లు ఒక్కటే ఉంది. రేవు దాటాక గుట్ట మీది తెల్ల ఇల్లు. అది మా కంపెనీ యజమానిది. నా మొగుణ్ణి చంపిన క్రేను అతనిదే.

నీకు తెలియదులే. ఉత్తరం మీద ఇంటి చిరునామా, లోపల ముద్దు పేరు, అంతేగా. నువ్వు నవ్వుకుంటూ టైపు చేసి నాకు నవ్వుకుంటూ రాశావు. నిన్నేమీ అనడం లేదు. కానీ పది రోజులక్కా! మార్చిలో వాదన విన్నారు, ఏప్రిల్లో వాళ్ళ పడవెక్కారు. చేప పడలేదట. పాపం.

నీ ఏడో నియమం మూడుసార్లు చదివాను. చాలా బాగుంది. ఇప్పుడు ఒక్క మాట చెప్పు. ఆ నియమం తప్పితే ఏమవుతుంది? ఎవరికి చెప్పాలి? వాళ్ళేం చేస్తారు? ఎనిమిదో నియమంలో ఉందా, పదహారులో ఉందా?

పిల్ల చదువు సంగతి అడిగావు. క్లాసులో ఒకమ్మాయి "మా మావయ్య మీ నాన్న క్రేను కిందే పోయాడు" అందట. మీ నాన్న క్రేను! ఇంటికొచ్చి నన్నేమీ అడగలేదు. పెద్ద కోర్టు ఎప్పుడు చెబుతుందమ్మా అని మాత్రం అంది. ఆయన ముగ్గురిని చంపలేదని ఒక్క మాట అక్కణ్ణించి రావాలి. నాకింకేమీ వద్దు.

ఆ కృతజ్ఞతల ఉత్తరం కార్బన్ కాపీ నీ ఫైల్లో ఉంటుందిగా?

చెల్లి

ఏప్రిల్ 27

గడుగ్గాయ్,

నీ ఉత్తరం చదివి మంచం మీద కూలబడ్డాను. మీ బావ మంచినీళ్ళిచ్చి, ఉత్తరం చదివి, బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

నిజంగా నాకు తెలియదే. ఆయనకు తెలుసుగా అంటావా? అలా అనకు. స్కూల్లో పక్కపక్కన కూర్చున్న స్నేహితులు. స్నేహం నేరమా? అమ్మ మంచాన పడ్డప్పుడు నాకు రెండు నెలల సెలవిప్పించింది ఈయనే. ఫైళ్ళు తానే మోసుకుంటూ, ఇంకో స్టెనోని పెట్టుకోకుండా చేత్తో రాసుకున్నారు. పదకొండేళ్ళుగా చూస్తున్నాను, ఒక్కనాడు కసురుకోలేదు. అలాంటి మనిషి పడవెక్కినంత మాత్రాన అమ్ముడుపోతాడా?

కాపీ సంగతి మాత్రం నన్నడగకు. అది నాది కాదు. ఆయన నమ్మి చెప్పింది.

నియమం తప్పితే ఏమవుతుందన్నావుగా. ఆఫీసుకెళ్ళి కాగితాలు తీసి చూశాను. పదహారో నియమం తర్వాత సంతకాలున్నాయి. ఇంకేమీ లేదు. పన్నెండుసార్లు కొట్టి కూడా అది లేదని నాకు తట్టలేదు. రిజిస్ట్రారుగారిని ఊరికే అడిగినట్టు అడిగితే "వాళ్ళకి పైన ఎవరున్నారమ్మా చెప్పడానికి" అన్నారు. తప్పుకోవాలా వద్దా అన్నది ఏ న్యాయమూర్తికి ఆయనే తేల్చుకోవాలట.

నాకు తోచింది చెబుతాను. మీ లాయరుగారిని నిండు కోర్టులో అడగమను. అయ్యా, మీకూ అవతలి పక్షానికీ స్నేహం ఉంది, ఈ కేసు మీరు వినకండి అని. మర్యాదగా అడిగితే ఆయన తప్పుకుంటారు. నాకు ఆయన తెలుసు.

అక్క

మే 6

అక్కా,

దరఖాస్తు వేశాం. నీ కార్బన్ కాపీ అక్కర్లేకపోయింది. బజారులో ఫొటో స్టూడియో ఉందిగా, ఆ స్టూడియోవాడు వాళ్ళ ఫొటో కిటికీలోనే పెట్టుకున్నాడు, అంత గొప్పవాళ్ళను తీశానని. పడవలో నీ పెద్దాయనా మా కంపెనీ యజమానీ, చేతుల్లో గాలాలు, వెనక కంపెనీ జెండా. ఒక కాపీ కావాలంటే మురిసిపోయి కవర్లో పెట్టి మరీ ఇచ్చాడు.

మా లాయరుగారు మాత్రం దాన్ని చేత్తో పట్టుకోవడానికే భయపడ్డాడు. "అమ్మా, నేను రేపు మళ్ళీ ఆ కోర్టులోనే నిలబడాలి" అని పదిసార్లు అన్నాడు. సిగ్నల్ మనిషి భార్య నా పక్కనే ఉంది. తెలుసుగా, ఆయన క్రేను కింద నిలబడి చెయ్యూపేవాడు, ఆయనే ముందు పోయాడు. ఈ ఆరేళ్ళూ ప్రతి వాయిదాకీ ఒకే బస్సులో వెళ్ళాం ఇద్దరం. ఆవిడే లాయరుని దబాయించింది. "మీరు నిలబడలేకపోతే మేం నిలబడతాం" అంది.

నీ పెద్దాయన మంచివాడని నువ్వన్నావని చెబితే ఆవిడ నమ్మింది. నేనూ నమ్మడానికి చూస్తున్నాను.

చెల్లి

మే 14

ఒసేయ్! ఒసేయ్!

కాఫీ కూడా తాగకుండా రాస్తున్నాను. వినను అన్నారే!

ఇవాళ పదకొండున్నరకు మీ దరఖాస్తు వచ్చింది. మీ లాయరు తడబడుతూనే మొత్తం చెప్పాడు. ఫొటో పైకి వెళ్ళింది. కుడిపక్క జడ్జీగారు కళ్ళజోడు తుడుచుకున్నారు, ఎడమపక్క జడ్జీగారు పైకప్పు చూశారు. మా పెద్దాయన ఫొటో చూస్తూ ఎంతసేపు కూర్చున్నారో! అప్పటికే తర్వాతి కేసు లాయర్లు విసుగొచ్చి కుర్చీలు లాక్కుంటున్నారు. ఆయన తల వంచుకుని, గడ్డం గుండెకు ఆనించి, నెమ్మదిగా అన్నారు: "అభ్యంతరం చూశాను. ఈ కేసు నేను వినను."

నేను ఆయన కాళ్ళ దగ్గర, నాలుగడుగుల దూరంలో కూర్చుంటానే. నా రెండు చెవులా విన్నాను. చెయ్యి ఎలా వణికిందో! పెన్ను జారిపోతుందేమో అనుకున్నాను. నేను చెప్పలేదూ? వేరే బెంచికి వెళుతుంది, కొత్తగా వింటారు, ఆయన ఫొటోలో పక్కనున్నవాడి మొహం చూడనివాళ్ళు వింటారు. సిగ్నల్ మనిషి భార్యకు కూడా చెప్పు. పిల్లకు చెప్పు.

సాయంత్రం టైపు చేసి సంతకానికి పెట్టాలి. పరుగు.

అక్క

మే 22

అక్కా,

కోర్టు ఉత్తర్వు కాపీ ఇవాళ వచ్చింది. నువ్వు చెప్పిన రెండు వాక్యాలే ఉన్నాయి. కాకపోతే రెండోది ఇలా ఉంది: "ఈ కేసు నేను విన్నాను." దాని కింద, తీర్పు తర్వాత వెలువరిస్తామని.

ఏమిటక్కా ఇది? నీ చేత్తో టైపు చేసిందేగా? నాకు తెలుసు, కాగితం అడుగున టైపు చేసినవాళ్ళ చోట నీ పొడి అక్షరాలున్నాయి. సంతోషంలో వేళ్ళు తడబడ్డాయా? వెంటనే వెళ్ళి దిద్దించు. ఇక్కడ నేను వీధంతా చెప్పుకున్నాను. నిన్న సిగ్నల్ మనిషి భార్య ఆరేళ్ళలో మొదటిసారి మా ఇంట్లో పడీపడీ నవ్వింది. ఒక్క అక్షరం దిద్దడానికి ఇంకెన్నాళ్ళు పడుతుంది?

మా లాయరునడిగితే "నాకు వినను అనే వినిపించిందమ్మా, కానీ ప్రమాణం చేసి చెప్పమంటే చెప్పలేను" అంటున్నాడు. నాలుక లేదా ఆయనకి?

త్వరగా రాయి.

చెల్లి

మే 29

చిన్నమ్మాయీ,

నా వేళ్ళు తడబడలేదే. నేను "వినను" అనే కొట్టాను.

ఆ రోజు టీ వేళకు కుడిపక్క జడ్జీగారు, ఎడమపక్క జడ్జీగారు, ఇంకో ఇద్దరూ మా పెద్దాయన గదికి వచ్చారు. తలుపు వేశారు. కప్పులు తెమ్మని గంట కొట్టినప్పుడు తలుపు తీస్తే ఒక్క మాట నా చెవిన పడింది. "నువ్వు ఇవాళ ఫొటో చూసి తప్పుకుంటే రేపు మా అందరి ఫొటోలూ తెస్తారు. ఎవరికి లేరయ్యా స్నేహితులు?" అంతే, మళ్ళీ తలుపు పడింది.

తర్వాత నన్ను పిలిచారు. కాగితం చూసి "నేను విన్నాను అన్నాను కదమ్మా" అన్నారు. "మార్చిలో రెండు రోజులు విన్నాను, ఇంకా వినేదేముంది, అదే చెప్పాను." నేను ఆ కాగితం మళ్ళీ చదివాను. "కావాలంటే నీ నోట్‌బుక్కు చూడు" అన్నారు, ఎంత మెత్తగానో.

చూశాను.

నీకు చెప్పాలా? బాబాయి దగ్గర ఇద్దరం ఒకే బల్ల మీద నేర్చుకున్నాం. వినను అన్నా విన్నాను అన్నా షార్ట్‌హ్యాండ్‌లో గీత ఒక్కటే. పక్కన సన్న చుక్క పెడితే వినను, లావు చుక్క పెడితే విన్నాను. చుక్క మరిస్తే స్కేలుతో కణుపుల మీద కొట్టేవాడు. ముప్ఫై ఏళ్ళలో నేను చుక్క మరవలేదు. ఆ రోజు మరిచాను. సంతోషంలో చెయ్యి వణికింది, గీత పడింది, చుక్క పడలేదు. ఆ పేజీలో మిగతా మాటలన్నిటికీ ఉన్నాయి. ఆ ఒక్కదానికే లేదు.

ఆయన కాగితం మీద ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చారు. మళ్ళీ కొట్టాను. సంతకమయ్యేదాకా ఏదీ ఉత్తర్వు కాదు, ఆయన దిద్దితే అదే ఆయన అన్న మాట. ఇక్కడ పద్ధతే అంత.

నీకు ముందే రాయాల్సింది. రెండు సార్లు మొదలుపెట్టి చింపేశాను. ఎలా రాయను?

అక్క

జూన్ 5

అక్కా,

రాత్రంతా ఆలోచించాను అని రాయను, అలాంటివి నీకు నచ్చవు. పగలే ఆలోచించాను, పిల్లలకు డిక్టేషన్ చెబుతూ.

ఆ నోట్‌బుక్కు ఇంకా నీ సొరుగులోనే ఉందిగా. చుక్క పెట్టు. సన్న చుక్క. అబద్ధం రాయమనడం లేదు. ఆయన అన్నదే, నువ్వు విన్నదే. చెయ్యి వణికి ఆ రోజు పడనిది ఇవాళ పెట్టు. ఆ తర్వాత ఆ పేజీ మేం అడుగుతాం. నేనూ చదవగలను, నాలాంటివాళ్ళు దేశంలో వెయ్యిమంది చదవగలరు. అప్పుడు ఆయన ఏమంటాడో చూద్దాం.

ఒక్క చుక్క అక్కా. మా ఆయన్ని హంతకుడనకుండా ఆపడానికి నీ దగ్గరున్నది అదే. పదకొండేళ్ళు ఆ జడ్జీ మాటలన్నీ రాశావు, నీ మరిది కోసం ఒక్క చుక్క పెట్టలేవా?

చెల్లి

జూన్ 13

చిన్నమ్మాయీ,

పెట్టలేనే.

పెన్ను తీశాను. సిరా కూడా అదే. సొరుగు తీసి ఆ పేజీ ముందు పెట్టుకుని భోజనాల వేళంతా కూర్చున్నాను. చేతిలోంచి రాలేదు. ఆ చుక్క నిజమేనని నాకు తెలుసు. కానీ ఇవాళ పెడితే ఆయన దిద్దినట్టే నేనూ దిద్దినట్టు. ఆయన ఎర్ర సిరాతో చేసింది నేను నల్ల సిరాతో చేస్తాను. తర్వాత ఏ మొహంతో ఆయన తప్పు చేశారనను? తిట్టు. తొమ్మిది కాదు, తొంభై తిట్టు.

నేను చేయగలిగింది ఒకటి చెబుతాను. ప్రధాన న్యాయమూర్తికి ఫిర్యాదు రాయి. ఏడో నియమం అని రాయి, ఫొటో పెట్టు, వినను అన్న మాటను విన్నాను చేశారని రాయి. మరీ అంత పైకి వెళితే ఎవరో ఒకరు చదవకపోరు. పదహారు నియమాలు ఊరికే రాసుకున్నారంటావా?

జవాబు రాయకపోతే కోపమొచ్చిందనుకుంటాను. రాస్తే ఇంకా ఎక్కువ వచ్చిందనుకుంటాను.

అక్క

జూలై 8

అక్కా,

ఫిర్యాదుకు జవాబు వచ్చింది. ఒక పేజీ. ఫిర్యాదును సంబంధిత న్యాయమూర్తికే అభిప్రాయం కోసం పంపారట. ఆయన తన మనస్సాక్షిని పరీక్షించుకుని, స్నేహానికీ న్యాయానికీ మధ్య గీత ఎక్కడుందో తనకు తెలుసునని తృప్తి చెందారట. కనుక విషయం ముగిసిందట.

కాగితం అడుగున ఎడమ మూల నీ పొడి అక్షరాలున్నాయి.

బాగా టైపు చేశావు. ఒక్క తప్పు లేదు.

జూలై 16

చిన్నమ్మాయీ,

నువ్వు సంతకం కూడా పెట్టలేదు. సరే.

ఎలా జరిగిందో చెబుతాను, తర్వాత నీ ఇష్టం. ఆయన నీ ఫిర్యాదు చేత్తో పట్టుకునే నాకు జవాబు చెప్పి రాయించారు. నీ చేతిరాత నాకెదురుగా ఉంది. నేను రాసుకున్నాను. అన్ని చుక్కలూ పెట్టాను. టైపు చేసి తీసుకెళ్ళి, సంతకం అయ్యాక, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాను. "ఏమ్మా?" అన్నారు. అప్పుడన్నాను. "అయ్యా, ఈ ఫిర్యాదు రాసింది నా సొంత చెల్లెలు. ఆ రోజు మీరు వినను అన్నారు. నేను విన్నాను."

ఆయన కోప్పడలేదే. కోప్పడితే బాగుండేది. మొహం పాలిపోయింది. "పదకొండేళ్ళు నా పక్కన కూర్చుని ఇది దాచావా?" అన్నారు. "నిన్ను ఎంత నమ్మాను!" ఆ కళ్ళలో నిజంగానే బాధ కనబడింది. దొంగ వేషం కాదు. తను చేసింది మోసం అని ఆయనకు తట్టనే లేదు. నేను చేసింది మాత్రం వెంటనే తట్టింది.

మాకూ నియమాలున్నాయి తెలుసా. సిబ్బంది నియమాలు, నలభై రెండు. ఒక్కోదాని కింద ఏం శిక్షో కూడా రాసి ఉంది. బంధువుల కేసు ఉంటే ముందే చెప్పాలి. చెప్పకపోతే ఉద్యోగం నుంచి తొలగింపు. మూడు రోజుల్లో విచారణ అయిపోయింది. రిజిస్ట్రారుగారు, ఇద్దరు అధికారులు. నోట్‌బుక్కు తెప్పించి "ఈ గీత ఏమిటో చదవండి" అన్నారు. వినను అని చదివాను. "చుక్క లేదుగా?" అన్నారు. లేదన్నాను. "నిందితురాలు కక్షిదారుకు అక్క" అని రాసుకున్నారు. నేను తప్పు చేశానా అంటే చేశాను. ఒప్పుకుని సంతకం పెట్టాను. నోట్‌బుక్కు కవర్లో పెట్టి సీలు వేశారు.

ఉద్యోగం పోయి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను. మీ బావే వంట చేసిపెడుతున్నాడు, ఉప్పెక్కువ వేస్తున్నాడు.

ముందే చెప్పి ఉంటే నా మాటకు విలువ ఉండేదేమో. నీ వైపు మనిషి ఒకరు అక్కడుండాలని కూర్చున్నాను. నేనక్కడుండటమే నిన్ను ముంచింది. నాకు ఏం చేయాలో తెలియడం లేదు. నువ్వైనా ఏదో ఒకటి రాయి, తిట్టయినా సరే.

అక్క

ఆగస్టు 30

అక్కా,

నిన్ను తిట్టడానికి నాకిప్పుడు ఓపిక లేదు, హక్కూ లేదు. ఆ పొడి అక్షరాల మాట అన్నందుకు నా నోరు పడిపోనూ. నువ్వూ బావా సర్దుకుని వచ్చెయ్యండి. ఇన్‌స్టిట్యూట్‌లో పదకొండు మిషన్లున్నాయి, నేర్పేది నేనొక్కదాన్నే. ఉప్పు సంగతి నేను చూసుకుంటాను.

తీర్పు వచ్చింది. నలభై ఒక్క పేజీలు. ముగ్గురిదీ ఏకాభిప్రాయం. డ్యూటీ పుస్తకంలో రాతలు నమ్మదగ్గవి కావట. ఆపరేటరు నిర్లక్ష్యం వల్లే నాలుగు ప్రాణాలు పోయాయట. మా ఆయన పేరు మొదటి పేజీలోనే ఉంది, ఆ తర్వాత అంతా ఆపరేటరే. పిల్ల మొత్తం చదివింది. చదివి మడిచి ఇచ్చి స్కూలుకెళ్ళింది. దానికేం చెప్పను? దేశంలో ఇంక ఇంతకంటే పెద్ద కోర్టు లేదని చెప్పాను. అది తెలుసంది.

మిగతా రెండు కుటుంబాలవాళ్ళు బజారులో కనిపిస్తే తల తిప్పుకుంటున్నారు. వాళ్ళను తప్పు పట్టను. ఆరేళ్ళు కోర్టు చెప్పేదే నిజమని మనమే వాళ్ళను తిప్పాం కదా.

నిన్న సాయంత్రం సిగ్నల్ మనిషి భార్య వచ్చింది. తీర్పు వచ్చాక రాలేదు, పదిహేను రోజులైంది. గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మన్నాను. వచ్చి కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. చిక్కిపోయింది. "వదినా, నాలుగు రోజులు నీ మీద, అన్నయ్య మీద కోపంతో రగిలిపోయాను" అంది. "తర్వాత ఆలోచించాను. అన్నయ్య కావాలని చేయలేదుగా. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఆయనా పోయాడుగా పాపం. నేను అన్నయ్యను క్షమించేశాను వదినా. అది చెబుదామనే వచ్చాను."

ఎంత మంచి మనిషో చూడక్కా. తన మొగుణ్ణి చంపాడని నమ్మి కూడా క్షమించి, నాకు బరువు దించుదామని నడిచి వచ్చింది. ఆయన ఏమీ చేయలేదే, తాడు మార్చమని మూడుసార్లు రాశాడే, నీ మొగుడు ఆయన ప్రాణ స్నేహితుడే, అందామని నోరు తెరిచాను. ఏం చూపించను? నలభై ఒక్క పేజీలు ఆవిడకూ వచ్చాయి. నా దగ్గరున్నది నా మాట. ఆవిడ మొహం చూశాను. ఆరేళ్ళుగా లేని నెమ్మది ఏదో ఇప్పుడే వచ్చింది ఆ మొహంలో. మళ్ళీ కాదంటే దాన్ని కూడా లాగేసుకున్నట్టవుతుంది. పైగా నమ్మదు.

ఆవిడ నా జవాబు కోసం చూస్తూ కూర్చుంది. పిల్ల తలుపు దగ్గర నిలబడి వింటోంది.

"సరే వదినా" అన్నాను. "నీది పెద్ద మనసు" అన్నాను.

మూడు కోర్టుల్లో, ఆరేళ్ళలో, కంపెనీ లాయర్లు ఎంత గుచ్చి అడిగినా మా వైపు నుంచి ఒక్కరి నోటి వెంటా రాని మాట అది. ఆయన తప్పు చేశాడని నిన్న నా ఇంట్లో కూర్చుని నేనే ఒప్పుకున్నాను అక్కా, ఆయన కూతురి ముందు.

చెల్లి